తీర్మానాల పుస్తకం, ఎర్ర మరకలు

"ఒరే నరసింహం, ఈ చోడవరంలో నేరం చేసి నా చేతికి దొరకలేదంటే, ఆడు నేరం చెయ్యనోడై ఉండాలి" అన్నాడు గణపతిరావు, పంచాయతీ ఆఫీసు వరండాలో గొడుగు నేలకు తాటించి.

లక్ష్మీనరసింహం ఆ మాటను లోపల రెండుసార్లు తిప్పి చూసుకుని, అర్థం కోసం వెతకడం మానేశాడు. నలభై ఏళ్ల స్నేహంలో అలవాటైన పనే. గోవాడ చక్కెర ఫ్యాక్టరీలో చెరకు బళ్లు తూకం వేసి రిటైరైన దగ్గర్నుంచి గణపతిరావు డిటెక్టివ్ అయ్యాడు. ఇంతవరకు రెండు కేసులు తేల్చాడు. రెండింట్లోనూ పోయిన వస్తువు ఆయనే ఎక్కడో పెట్టి మరిచిపోయినది.

ఈసారి పోయింది మాత్రం నిజంగా కావలసిన వస్తువు. పదకొండింటికి పంచాయతీ మీటింగు. గుమస్తా సంధ్యారాణి బీరువా తీసేసరికి తీర్మానాల పుస్తకం లేదు. అందులో రాసి మెంబర్లు సంతకాలు పెడితేనే తీర్మానం. లేకపోతే అన్నీ వచ్చే నెలకే. ఆ అన్నింటిలో ఏడోది అచ్చియ్యమ్మ వీధికి కుళాయి. మోకాళ్ల నొప్పితో రోజూ మెయిన్ రోడ్డు దాటి నీళ్లు మోసుకునే ఆ పూలమ్ముకునే మనిషికి అర్జీ రాసిపెట్టింది లక్ష్మీనరసింహమే. ఇవాళ తేలుతుందని ఆమె బేరం మానుకుని వచ్చి బెంచీ మీద కూర్చుంది.

"ఒక్క నెలే కద బాబూ, మోసేత్తాను" అంది అతనితో. ఆమె విసుక్కుని ఉంటే అతనికి కొంచెం తేలిగ్గా ఉండేది.

గణపతిరావు బీరువాను వాసన చూశాడు. తాళం పగల్లేదు కాబట్టి దొంగ తాళం తీసే ఉంటాడని తేల్చాడు. నేల మీది ఎర్రటి మరకలను భూతద్దంతో పరికించి, గొంతు తగ్గించి, "రక్తం" అన్నాడు.

"కుంకుమండి. మొన్న ఆయుధపూజ చేసేం కదా" అంది సంధ్యారాణి.

"అని అందర్నీ నమ్మించేరు."

మరకల వెంటే పెరట్లోకి నడిచాడు. అక్కడ చెత్త ట్రాక్టరు ఇంజను ఆడుతోంది. టైరు కింద నలిగిన నిమ్మకాయ, ట్రాలీ నిండా వాడిన బంతిపూలు, అరటి పిలకలు. గణపతిరావు బండికి అడ్డంగా నిలబడ్డాడు. ఎక్కడికని గద్దిస్తే, పూజ పూలు చెత్తకుప్పలో వెయ్యకూడదు కదా, పెద్దేట్లో కలిపి వస్తానన్నాడు డ్రైవరు పరదేశి.

"చూసేవా నరసింహం, సాక్ష్యాలన్నీ ఏటిపాలే. ఒరే, నీ చేతికా ఎరుపేటి?"

"కుంకం బాబూ."

"ఇందాక ఆవిడా అదే చెప్పింది. ఇద్దరూ ఒకే మాట చెప్తన్నారంటే కూడబలుక్కున్నట్టే."

పరదేశి దిక్కుతోచక లక్ష్మీనరసింహం వైపు చూశాడు. పదకొండుకు ఐదు నిమిషాలుంది. లోపల మెంబర్ల టీలు కూడా అయిపోయాయి. మిత్రుణ్ణి చెయ్యి పట్టి లాగేద్దామని అతను అడుగు వేసేలోగా, స్టీరింగు మీద వేలిముద్రలు తీస్తానంటూ గణపతిరావు పౌడరు డబ్బాతో సీటెక్కాడు. చల్లాడు. తుమ్మాడు. పడిపోకుండా గొడుగు వంకీ దేనికో తగిలించి లాగాడు. అది ట్రాలీ ఎత్తే లివరు.

ట్రాలీ నింపాదిగా లేచింది. పూలు జారాయి, పిలకలు జారాయి, చివరికి ఒక పసుపు గుడ్డ మూట, వెనకాలే వచ్చి నిలబడ్డ సంధ్యారాణి కాళ్ల దగ్గర పడి విప్పుకుంది. అట్ట మీద మూడు కుంకుమ బొట్లతో తీర్మానాల పుస్తకం.

సంధ్యారాణి తల పట్టుకుంది. మొన్న ఎవరి పనిముట్లు వాళ్లు పూజలో పెట్టారు: చీపుళ్లు, పారలు, ట్రాక్టరు తాళం. తన పనిముట్టు ఇదే కదా అని ఆమె పుస్తకాన్ని గుడ్డలో చుట్టి పెట్టి, తియ్యడం మరిచింది. పరదేశి దాన్ని పూజ సామాను మూట అనుకుని భక్తిగా ట్రాలీ ఎక్కించాడు. గణపతిరావు అడ్డం నిలబడకపోతే ఈపాటికి పెద్దేట్లో ఉండేది. ఆ సంగతి తట్టగానే, నవ్వబోతున్న లక్ష్మీనరసింహం ఆగిపోయాడు.

పన్నెండు కాకముందే ఏడో తీర్మానం పాసయింది. పౌడరు ముఖంతో పచార్లు చేస్తున్న గణపతిరావును అచ్చియ్యమ్మ ఎగాదిగా చూసి, "ఆ బాబు ఏటి సేసేడు?" అని అడిగింది.

"పుస్తకాన్ని ఏట్లో పడకుండా ఆపేడమ్మా" అన్నాడు లక్ష్మీనరసింహం. అందులో అబద్ధం లేదు.

"అయితే కుళాయి తొలి బిందె ఆ బాబుకే" అంది.

ఇంతలో గణపతిరావు గంభీరంగా దగ్గరికొచ్చి చెవిలో చెప్పాడు: "నరసింహం, నా గొడుగు పోయింది. ఇది లోపలోళ్ల పనే."

పెరట్లో లివరుకు గొడుగు వేలాడుతూనే ఉంది. లక్ష్మీనరసింహం దాన్ని చూశాడు. ఇప్పుడిక ఎవరికీ తొందర లేదు.

"ముందు ఎవర్ని అనుమానిద్దాం?" అంటూ అచ్చియ్యమ్మ పక్కన బెంచీ మీద తీరిగ్గా కూర్చున్నాడు.