వరసలో నిలబడని ఆలివ్ చెట్లు

కర్నల్ గ్రిమ్‌షా గారు గ్రీసు పక్క సముద్రంలోని మా అయోనియన్ దీవికి ఇంగ్లీషువారి గవర్నరుగా దయచేయడం మా మహాభాగ్యం. ఈ మాట ప్రభుత్వ ప్రకటనలోనే ఉంది కనుక మేము వేరే చెప్పనక్కర్లేదు. ఇరవై ఏళ్ళు సైన్యంలో ఉండి, ఒకే ఒక యుద్ధంలో వీపున గాయపడ్డారు. శత్రువు మర్యాద తెలియక వెనకనుంచి వచ్చాడట. అంతటి అనుభవజ్ఞుడికి కాక దీవిని ఇంకెవరికి అప్పగిస్తారు?

వచ్చిన వారానికే ఆయన గుర్రమెక్కి దీవి చుట్టివచ్చారు. మా ఆలివ్ చెట్లు తోచిన చోటల్లా వంకరటింకరగా నిలబడి ఉండటం చూసి చలించిపోయారు. మూడు వందల ఏళ్ళుగా వాటికి క్రమశిక్షణ నేర్పిన నాథుడు లేడు. నాలుగేసి చొప్పున వరసలో లేని చెట్లన్నిటినీ పంటకు ముందే నరికేయాలని ఉత్తర్వు వేశారు.

వితంతువు స్తమతేలాకు ఉన్నవి అరవై రెండు చెట్లు. ఒక్కటీ వరసలో లేదు. ఆ నూనె మీదే ఆమె బతుకు. చెట్లు పోతే మిగిలేది ఒక మేక. ఊరంతటికీ కడుపు మండింది. అర్జీలు రాసే యెరాసిమోస్ లండనుకు ఘాటైన ఫిర్యాదు రాశాడు. లండను జవాబిచ్చింది: ప్రజలు ఇంతగా ఏడుస్తున్నారంటే పాలన గట్టిగా ఉన్నదన్నమాట, కర్నల్ గారి పదవిని మరో రెండేళ్ళు పొడిగించడమైనది.

సంగతి విని స్తమతేలా పిండి చేతులతోనే యెరాసిమోస్ గుమ్మంలోకి వచ్చింది.

"ఒరేయ్ చదువుకున్నోడా, తిట్టి రాస్తే రెండేళ్ళు పెంచారు. ఈసారి పొగిడి రాయరా, ఏం చేస్తారో చూద్దాం!"

"పొగడ్డానికి ఆయనలో ఏముంది పిన్నీ?"

"ఉన్నది రాస్తే దాన్ని పొగడ్త అంటార్రా? నువ్వు కలం పట్టు, నేను చెబుతా."

కర్నల్ గారు వచ్చాక కోళ్ళు పెద్ద గుడ్లు పెడుతున్నాయని రాశాము. దొంగలు సిగ్గుపడి చేపల వేటకు పోతున్నారని రాశాము. ఇంతటి మేధావి మా చిన్న దీవిలో మగ్గిపోతుంటే మాకు రొట్టె సహించడం లేదనీ రాశాము. దీవి దీవంతా సంతకాలు పెట్టింది. చదువు రానివాళ్ళు సిలువ గుర్తులు గీశారు. గొడ్డళ్ళకు పదును పెడుతున్న రోజునే, పెద్ద పదవి ఇస్తూ కర్నల్ గారికి బదిలీ ఉత్తర్వు వచ్చింది.

రేవులో ఆయన కన్నీళ్ళతో ప్రసంగించారు: "మీ చెట్లను వరసలో నిలబెట్టలేకపోయినందుకు చింతిస్తున్నాను. కానీ నేను వెళ్ళే మద్రాసులో లక్షలాది మనుషులున్నారు. మనుషులు చెట్లంత మొండివారు కారు!"

మేము చప్పట్లు కొట్టాము. అందరికంటే గట్టిగా స్తమతేలా కొట్టింది.

పదేళ్ళ తర్వాత మీ మద్రాసు వైపు నుంచి వచ్చిన ఓ నావికుడు చెప్పాడు. అక్కడ నాలుగు రోడ్ల కూడలిలో కర్నల్ గారికి విగ్రహం వెలిసిందట. ఏటా ఆయన పుట్టినరోజున జనం నలుగురేసి చొప్పున వరసలో నిలబడి దండలు వేస్తున్నారట. వంకర చెట్టు కింద కాయలు ఏరుకుంటున్న స్తమతేలా నిజంగానే నొచ్చుకుంది.

"అయ్యో! లండనువాళ్ళ కోసమని రాయించాను నాయనా. పాపం, మద్రాసువాళ్ళు కూడా నమ్మేశారా?"