మిరప టిక్కీకి రేసింగు బెల్టు

భద్రత మనిషికి పుట్టుకతో రాదు. తగిన కార్యాలయం నుంచి, తగిన ముద్రతో రావాలి. అంతవరకూ అతను ఎంత క్షేమంగా ఉన్నా అది అనధికార క్షేమమే.

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే చైతన్యకృష్ణకు ఈ సంగతి తెలియదు. అతనికి తెలిసిందల్లా తన కారుకు ఆరు గేర్లున్నాయని, తాను మూడోది దాటి ఎరగనని. హైదరాబాదులో ఎవరో మోజు తీరి అమ్మేసిన ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారది. నాలుగో గేరు వేద్దామనుకున్నప్పుడల్లా రోడ్డుకి సగం మేర ఎవరో ఒకరు మిరపకాయలు ఆరబోసి ఉండేవారు. (ఆ కాయలే రేపు తన కొట్టుకి వస్తాయి గనుక హారన్ కొట్టడానికి కూడా మొహమాటం.)

చెన్నై అవతల ఒక రేసు ట్రాకువాళ్లు నెలాఖరు ఆదివారం మామూలు జనాన్ని కూడా కార్లు తోలుకోనిస్తున్నారని తెలిసి అతనికి ప్రాణం లేచొచ్చింది. వాళ్ల షరతు ఒకటే. కారులో రేసింగ్ హార్నెస్ ఉండాలి. అంటే రెండు భుజాల మీదుగా దిగి, నడుమును చుట్టి, బొడ్డు దగ్గర ఒకే బిళ్లలో కలిసే బెల్టు. మెకానిక్ గౌస్ బాషా పాత బెల్టులు పీకేసి రెండు సీట్లకీ కొత్తవి బిగించాడు.

"బిగించటం వరకే నా పని సార్. రోడ్డెక్కాలంటే ఆఫీసువాళ్లు ఒప్పుకోవాలండి," అన్నాడు.

ఆ ఆఫీసు పేరు జిల్లా వాహన నిర్బంధ పరికరాల పరిశీలనా మండలి. (మనిషిని కట్టిపడేసేవన్నీ దాని పరిధిలోకి వస్తాయి, పెళ్లి తప్ప.) సహాయ నిర్బంధాధికారి బుల్లయ్యగారు బెల్టును రెండుసార్లు లాగి చూసి పెదవి విరిచారు.

"సీట్లో బరువు పెట్టి ఊరంతా తిప్పాలయ్యా. తిరిగొచ్చేసరికి బెల్టు వదులవకూడదు."

"నేనే కూర్చుంటానండి."

"పరీక్ష కాని బెల్టులో మనిషిని ఎట్టా కూర్చోబెడతాం? ప్రమాదం కదూ?"

"మీ దగ్గర మనిషి బొమ్మ ఉందన్నారండి."

"ఉంది. డిప్యుటేషన్ మీద ఒంగోలు వెళ్లింది. అక్కడ పనితీరు బాగుందని ఇన్‌ఛార్జి బాధ్యతలు ఇచ్చారు. ఇప్పట్లో రాదు."

బొమ్మ లేనప్పుడు స్థానికంగా దొరికే బరువు వాడవచ్చని నిబంధన ఉంది. చైతన్యకృష్ణ కొట్టు నుంచి ఒక టిక్కీ, అంటే నిండు మిర్చి బస్తా, తెప్పించి ఎడమ సీట్లో కూర్చోబెట్టి బెల్టు బిగించాడు. తానే తోలాడు. (పరీక్ష కోసం తోలేవాడికి బెల్టు అక్కర్లేదు. పరీక్షల్లో ప్రమాదాలు జరగవని మండలి ఏనాడో తీర్మానించింది.)

అతను మరిచిపోయిందల్లా ఇది గుంటూరన్న సంగతి. ఇక్కడ టిక్కీ కనబడితే చెయ్యి దానంతట అదే లోపలికి వెళుతుంది. పిడికెడు తీసి, రంగు చూసి, ఒక కాయ విరిచి, వాసన చూసి, మిగతావి జేబులో వేసుకోవడం ఈ నేల మర్యాద. బుల్లయ్యగారు ఒక పిడికెడు తీశారు. బస్తా తూచిన కాటా దగ్గరివాళ్లు తలో పిడికెడు. గేటు కాపలాదారు పచ్చడి కోసం రెండు.

ఊరు చుట్టి వచ్చాక బుల్లయ్యగారు బెల్టు సందులో చెయ్యి పెట్టి చూసి రిపోర్టు రాశారు: "బెల్టు నాలుగు వేళ్ల మేర వదులైనది. ప్రయాణికుడు దారిలో చిక్కిపోయినట్టు కనబడుచున్నాడు. లోపము బెల్టుదే."

టిక్కీ మళ్లీ నిండింది, మళ్లీ చిక్కింది. మూడో పరీక్ష నాటికి కాయ బాగుందన్న కబురు పాకి, ఏ సంబంధమూ లేని పై అంతస్తువాళ్లు కూడా సాక్షులుగా దిగివచ్చారు. చైతన్యకృష్ణకు ఏడుపొక్కటే తక్కువ. ఆదివారం ముంచుకొస్తోంది. సూపరింటెండెంటు రాజేశ్వరిగారి దగ్గరికెళ్లి, దయచేసి టిక్కీలో చెయ్యి పెట్టవద్దని బతిమాలాడు.

"తెరిచి చూడకుండా సంతకం ఎట్లా పెడతామండీ? రేపు అందులో పత్తి ఉందనుకోండి, జవాబు ఎవరు చెప్పాలి?" అన్నారావిడ, ఒక కాయ తొడిమ తీస్తూ.

ఉపాయం అతని భార్య ధనశ్రీ చెప్పింది. "ఇంకో టిక్కీ గేటు దగ్గర పెట్టించండి. ఒకటి బెల్టు చూట్టానికి, ఒకటి కాయ చూట్టానికి."

అలా పెట్టించిన రోజే బెల్టు పాసైంది. మండలి తాను చూసినదాన్ని చూసినట్టే రాసింది: "ఎడమ సీటు: ఎండు మిరప, తొడిమ తీయనిది. అనుమతించడమైనది. అనుమతి పొందిన ప్రయాణికుడు లేకుండా వాహనము కదలరాదు."

"మరి నా సీటండీ?"

"దానికీ ఇదే పరీక్ష. కాకపోతే స్టీరింగ్ ముందు కూర్చునే బరువుకి లైసెన్సు ఉండాల," అన్నారు బుల్లయ్యగారు. "టిక్కీకి ముందు ఎల్‌ఎల్‌ఆర్ తీసుకో." అంటూనే ఆ సీటు బెల్టు చుట్ట చుట్టించి లక్క సీలు వేయించారు. సీలు పగిలితే అనుమతి మొత్తం రద్దు.

ఆదివారం తెల్లవారగానే చైతన్యకృష్ణ బయలుదేరాడు. పక్క సీట్లో టిక్కీ. ట్రాకువాళ్ల కాళ్లు పట్టుకునైనా ఒక్క చుట్టు తిరిగి రావాలని అతని ఆశ. హైవే ఎక్కాడు. ముందు రోడ్డంతా ఖాళీ. మిరపకాయల్లేవు, గేదెల్లేవు. నాలుగో గేరు మీదికి చెయ్యి పోనిచ్చాడు. అప్పుడే కానిస్టేబుల్ ప్రేమదాసు చెయ్యెత్తి ఆపాడు.

"బెల్టేది సార్?"

చైతన్యకృష్ణ లక్క సీలు చూపించాడు, అనుమతి పత్రం చూపించాడు. చివరికి మనసులో మాట కూడా చెప్పేశాడు. "ఇవాళ ఒక్కరోజేనండి. ఈ కారు కొన్నాక నాలుగో గేరన్నా వెయ్యలేదు. ఒక్కసారి వదిలిపెట్టండి."

"బెల్టు లేకుండా వదిలేది లేదు సార్. బండి ఇక్కడే ఉంటది. రేపొచ్చి తీసుకెళ్లండి."

తాళం తీసుకుని, ప్రేమదాసు అవతలి కిటికీ దగ్గరికి వెళ్లాడు. టిక్కీలో చెయ్యి పెట్టి పిడికెడు తీశాడు. ఒక కాయ విరిచి వాసన చూసి, మిగతావి జేబులో వేసుకున్నాడు. తరవాత బెల్టు కాస్త వదులైందని గమనించి, రెండు భుజాల పట్టీలూ జాగ్రత్తగా బిగించాడు.

"చదువుకున్నోళ్లు," అన్నాడు చైతన్యకృష్ణ వైపు తిరిగి. "పక్కన కూర్చున్న మిరపకాయలకున్న బుద్ధి కూడా మీకు లేకపోతే ఎట్టా సార్?"