హెడ్మాస్టరుగారి ఎనిమిది గోలాలు

సైన్సు టీచరమ్మ ఆ సోమవారం ఉదయం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. మొదటి గంట కొట్టేలోగా సామాన్ల దుకాణానికి ఫోను చేసి, ఎనిమిది గ్రహాలకు ఎనిమిది ప్లాస్టిక్ గోళాలు తెప్పించాలి. అంతే. మూడేళ్లుగా దరఖాస్తు మీద దరఖాస్తు పెట్టగా పెట్టగా, ఓ విద్యా ఫౌండేషన్ ఇన్నాళ్లకు కరుణించి, ఈ సర్కారు బడిలో కొత్తరకం పాఠం కోసం గ్రాంటు ఇచ్చింది. శుక్రవారం ఫౌండేషన్ మేడమ్ స్వయంగా చూడ్డానికి వస్తోంది. పాఠం నచ్చితే, ఆరేళ్లుగా విరిగిన బెంచీలతో నిండిపోయిన సైన్సు గది మళ్లీ తెరుచుకుంటుంది. నచ్చకపోతే ఇక ఈ బడి వంక ఎవరూ కన్నెత్తి చూడరు.

"ఆర్డరు నేను చెప్తానమ్మా, సంతకం నాదే కదా!" అంటూ హెడ్మాస్టరు ఫోను అందుకున్నాడు.

టీచరమ్మ చెయ్యి చాపింది గానీ, అప్పటికే ఆయన నంబరు నొక్కేశాడు. ఆయన బంగారంలాంటి మనిషే గానీ, నోట 'ళ' పలకదు. నిరుడు కంటి పరీక్షల రోజున మైకు పట్టుకుని, "పిల్లలకు కల్లే ముఖ్యం! కల్లు లేనిదే చదువు లేదు!" అని ఆవేశంగా ప్రసంగించాడు. తల్లిదండ్రులు తేరుకోవడానికి వారం పట్టింది.

"ఎనిమిది గోలాలయ్యా... ఆఁ, గోలాలే. పెద్దవి. పిల్లలు చుట్టూ మూగాలి మరి. లోపల బోలుగానే ఉండాలి... కారవా? కారకపోతే ఇంకా మంచిదే!"

గోళాలు కారడమేమిటి? అడుగుదామనుకునేలోగా గంట మోగింది. "నువ్వు క్లాసుకు వెల్లమ్మా, అంతా చెప్పేశా" అన్నాడాయన సంతోషంగా.

శుక్రవారం తొమ్మిదింటికి లారీ వచ్చింది. అందులోంచి దిగినవి గోళాలు కావు, గోలేలు. పశువులకు నీళ్లు పెట్టే సిమెంటు గోలేలు, ఒక్కోటి నలుగురు పడితే గానీ కదలనిది! దించేవాళ్లకు తొందర. మొదటిది జెండా కర్ర దగ్గర, రెండోది కాస్త అవతల, మూడోది ఇంకాస్త అవతల, అలా మైదానం పొడుగునా వదిలేస్తూ పోయి, ఆఖరిదాన్ని ఆ చివర హెడ్మాస్టరు గది తలుపుకు ఆనించి చక్కాపోయారు. ఆ తలుపు బయటికి తెరుచుకునేది. ఆయన లోపలున్నాడు.

"ఎవరక్కడ? తలుపు తియ్యండి!"

"గోలెం అడ్డముంది సార్!" అంది టీచరమ్మ.

"నేను గోల చెయ్యట్లేదమ్మా, తలుపు తియ్యమంటున్నా!"

కాసేపటికి సంగతి బోధపడి, ఆయన గదిలోంచే దుకాణానికి ఫోను చేసి దులిపేశాడు. "గోలేలు కాదయ్యా, గోలాలు! గుండ్రంగా, బంతుల్లా ఉండాలి! తెలిసిందా?" అవతలివాడికి తెలిసింది.

ఈలోగా పిల్లలు గోలేల్లోకి దూకేశారు. టీచరమ్మకు ఏడుపొక్కటే తక్కువ. మూడేళ్ల దరఖాస్తులు సిమెంటు పాలయ్యాయి. "దిగండర్రా!" అని అరవబోతుండగా, క్లాసంతా ప్రశ్నలమ్మ అని పిలిచే పిల్ల మూడో గోలెంలోంచి తల పైకెత్తింది. "టీచర్, జెండా కర్ర సూర్యుడైతే, నేను భూమ్మీద ఉన్నట్టేగా?"

టీచరమ్మ దాన్ని ముద్దు పెట్టుకోవడం ఒక్కటే తరువాయి. సుద్దముక్క తీసుకుని గోలేల మీద గ్రహాల పేర్లు రాసేసింది.

పదింటికి మేడమ్ వచ్చింది. పిల్లలు ఆవిడ చెయ్యి పట్టుకుని, సూర్యుడి దగ్గర మొదలుపెట్టి అడుగులు లెక్కపెట్టిస్తూ నడిపించారు. బుధుడు పన్నెండు అడుగులు. శని దగ్గరికొచ్చేసరికి మేడమ్‌కు ఆయాసం. "అబ్బో, ఇంత దూరమా!"

"ఇంకా రెండున్నాయండీ" అంది ప్రశ్నలమ్మ జాలిగా.

ఎనిమిదో గోలెం దగ్గర మేడమ్ ఆగి చెవి ఒగ్గింది. "నెప్ట్యూన్ మీద ప్రాణులున్నాయా? ఎవరో అరుస్తున్నారు!"

"మా హెడ్మాస్టరుగారండీ" అంది టీచరమ్మ.

మేడమ్ కారు డ్రైవరుతో కలిపి ఎలాగో నలుగురై, పట్టి గోలెం జరిపాక, చెమటతో తడిసి ముద్దయిన హెడ్మాస్టరు బయటపడి నమస్కారం పెట్టాడు. మేడమ్ నవ్వు ఆపుకోలేకపోయింది. "పోయినవారం ఒక బడికి వెళ్లానండీ. ఖరీదైన గోళాలు బీరువాలో ఉన్నాయి, పిల్లలు ముట్టుకుంటే పాడైపోతాయట! తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. మీవి బీరువాలో పట్టవు, అదీ సంగతి! మీ సైన్సు గది ఖాయం. ఇంకో పది బళ్లకు కూడా ఇవే ఇప్పిస్తాను."

టీచరమ్మ ఆనందంగా దుకాణం నంబరు ఇచ్చింది. మేడమ్ అక్కడికక్కడే దుకాణానికి ఫోను చేసి, ఒక్కో అక్షరం స్పష్టంగా పలికింది. "పది బళ్లకు, బడికి ఎనిమిది చొప్పున, గో-లే-లు."

"నాకు తెలుసు మేడమ్" అన్నాడు దుకాణదారుడు ధీమాగా. "పొద్దున్నే హెడ్మాస్టరుగారు వివరంగా చెప్పారు."

మరుసటి వారం పది బళ్లకూ బంతుల్లాంటి గోళాలు అందాయి. అన్ని బళ్లవాళ్లూ వాటిని జాగ్రత్తగా బీరువాల్లో పెట్టి తాళం వేసుకున్నారు.