వెచ్చని నడవాలో ఎర్రటి జిగట

"కదలను," అన్నాడు ఐలెర్ట్. నిజానికి కదల్లేడు. కొత్తగా పలకలు పరిచిన నడవాలో ఆయన ఉన్ని మేజోళ్లు నేలకు అతుక్కుపోయి పది నిమిషాలైంది.

"మేజోళ్లు వదిలేసి వచ్చెయ్యండి మామయ్యా," అన్నాడు అల్లుడు హాల్వార్డ్.

"మీ అత్తయ్య ఆఖరిసారి అల్లినవివి. వీటిని వదలను. నువ్వే ఆ పలకలు పీకించు!"

పొద్దున అనుకున్నది చిన్న పని. ఐలెర్ట్ మంచు మీద స్కీలపై వస్తాడు, వంటింట్లో వాఫుల్స్ తింటాడు, నడవా చూసి సరేనంటాడు. ఇల్లింకా ఆయన పేరునే ఉంది. ఆయన నలభై ఏళ్ల క్రితం స్వయంగా పరిచిన చెక్క తీసి, కింద నేలను వెచ్చబెట్టే కరెంటు తీగలతో పలకలు వేసుకోనిచ్చింది ఒకే షరతు మీద: ఈస్టర్‌లోపు ఒక్క లోపం కనిపించినా మళ్లీ చెక్క వేయాలి. ఈస్టర్ ఇంకో వారంలో ఉంది. వచ్చేటప్పుడు బాగానే దాటిన నడవా, గంటసేపు కాఫీ తాగి తిరిగి వస్తుంటే కాళ్లు పట్టేసింది.

హాల్వార్డ్ పలకలు వేసిన ట్రుల్స్‌కు ఫోన్ చేశాడు.

"జిగురు పైకి ఉబికుంటుంది. వేడి పూర్తిగా పెంచు, ఆరిపోద్ది."

పెంచాడు. జిగట ఇంకా పరుచుకుంది. గరిటెతో గీకబోయిన హాల్వార్డ్ కూడా అతుక్కుపోయాడు. రెండిళ్ల అవతలి నుంచి పరుగెత్తుకొచ్చిన ట్రుల్స్, గుమ్మం బయట బూట్లు విప్పి లోపలికి అడుగేసి మూడోవాడయ్యాడు.

"బూట్లతోనే రావాల్సింది!" అని మొత్తుకున్నాడు.

"నా ఇంట్లోకి బూట్లతోనా?" ఐలెర్ట్ ఉరిమాడు.

వంటింటి గుమ్మంలోకి కూతురు రాండి వచ్చింది. "ముగ్గురూ వరుసగా నిలబడ్డారు, ఫొటో తియ్యమంటారా?"

ట్రుల్స్ వంగి వేలితో తాకి చూశాడు. "ఇది నాది కాదు! నా జిగురు బూడిద రంగు. ఇది ఎర్రగా ఉంది."

"ఎవడి పనో తేలాలి. వాడి చేతే రుద్ది కడిగిస్తాను. పలకల జోలికి మళ్లీ రాను, మాట!" అన్నాడు ఐలెర్ట్.

రాండి ఎర్రటి చారను చూపుతోనే వెంబడించింది. అది మూలకు పోయి, గోడకు నిలబెట్టిన స్కీల దగ్గర ఆగింది. మంచు మీద పట్టు కోసం వాటి అడుగున పూసిన ఎర్రటి జిగురు మైనం వేడికి కరిగి తీగలు తీగలుగా కారుతోంది. నలభై ఏళ్లుగా ఆ స్కీలు అక్కడే నిలబడేవి. చల్లటి చెక్క మీద ఆ మైనం ఏనాడూ కదల్లేదు.

"దొరికాడా? పేరు చెప్పు!" అన్నాడు ఐలెర్ట్.

"ఐలెర్ట్ హోవ్‌డెన్," అంది రాండి.

ఆ మధ్యాహ్నం మోకాళ్ల మీద నడవా కడిగిన హోవ్‌డెన్ గారు, మోకాళ్లకు హాయిగా ఉందని వేడి మాత్రం తగ్గించవద్దన్నారు.