పక్కింట్లో ఇచ్చిన మందు

సులోచన ఎడమ తుంటి ఎముకకు మందు మోసుకెళ్తున్న కొవ్వు బిందువు మంగళవారం పదకొండు గంటలకు ఆమె రక్తంలోంచి ఫోన్ చేసి ఇంటి గుర్తు చెప్పమంది.

"అమ్మా, మందు తెచ్చిన. తుంటెముక ఎక్కడొస్తది?"

సులోచన వరంగల్లో బస్సు కండక్టరు. ఎముక గుల్లబారుతోంది. నెలాఖరులోగా అది బాగైందని డాక్టరు కాగితం ఇవ్వకపోతే డ్యూటీ పోతుంది. ఆమెకేమో బస్సంటే ప్రాణం. అందుకే ఈ కొత్త మందు. కంటికి కనబడని కొవ్వు బిందువు లోపల మందు దాచుకుని వెళ్తుందని, ఎముకలో సున్నం తగలగానే అతుక్కుంటుందని, దారిలో ఎవరికీ ఇవ్వదని డాక్టరు చెప్పాడు. ఫోన్ సంగతి మాత్రం చెప్పలేదు. అయినా ఈ రోజుల్లో చిరునామా చదివి వచ్చేదెవరు?

ఇరవై రెండేళ్లుగా స్టేజీలు చెబుతున్న నోరు కాబట్టి ఆమె తడుముకోలేదు. "గుండె కాడ ఎక్కు. కాలేయం పెద్ద బస్టాండు, ఆడ దిగకు. నడుము దాటినంక ఎడమకు రా."

బిందువు కాలేయం దగ్గరే దిగింది. పెద్ద బస్టాండు రాగానే నలుగురూ దిగుతుంటే తానూ దిగిపోవడం మన దగ్గర అలవాటే.

కాసేపటికి మెసేజ్ వచ్చింది. ఇంట్లో ఎవరూ లేనందున పార్సిల్ పక్కింట్లో ఇవ్వబడింది. తీసుకున్నవారు: కాలేయం. కింద సంతకం కూడా ఉంది. తర్వాతి మూడు డోసులకూ ఇదే మెసేజ్.

సులోచనకు ఒళ్లు మండింది. ఆ ఎముక పుట్టినప్పటి నుంచి ఇల్లు కదిలింది లేదు. కర్ర పట్టుకుని ఆస్పత్రి కౌంటరుకు వెళ్లింది.

"కాలేయం పరాయిదా అమ్మా? మీ సొంతదే కదా. అడిగితే ఇస్తది" అన్నాడు గుమాస్తా.

"ఇయ్యలే సార్. నాలుగు డోసులూ అదే తీస్కున్నది."

గుమాస్తా మంచివాడు. ఈ తిరుగుడు ఇక ఉండకూడదని ఫారం నింపి, తుంటి ఎముక చిరునామాను కాలేయానికి మార్చాడు. ఐదో డోసు సరైన చిరునామాకు చేరింది. రికార్డుల్లో ఎముక కోలుకోసాగింది.

నెలాఖరున డాక్టరు ఫైలు తిరగేసి, తుంటి నొప్పి ఎక్కడో చూపించమన్నాడు. సులోచన కర్రను గోడకు ఆనించింది. ఒంటికాలి మీద నిలబడి, కుడి పక్కటెముకల కింద, కాలేయం మీద చెయ్యి పెట్టింది.

"ఈడ సార్. ఇప్పుడు అసలే లేదు."

డాక్టరు అక్కడ నొక్కి చూసి, నయమైందని రాసిచ్చాడు.

మర్నాడు ఆమె రెండు చేతులతో కడ్డీ పట్టుకుని, ఎడమ కాలు ఈడ్చుకుంటూ బస్సెక్కింది.

"కాలు నొస్తుందా అక్కా?" అన్నాడు డ్రైవరు.

"నయమైంది. కాగితమున్నది" అంది సులోచన. "పోనీ, రైట్."