ఒకే కంపెనీ ఇల్లు

ఆ ఉదయం పళ్ళ డాక్టరు పెట్టుకున్న పని ఒక్కటే: ఇయర్‌ఫోన్లు కొనుక్కోవడం. ఇరవై ఏళ్ళుగా పళ్ళు తొలుస్తున్నా, ఆ మర చప్పుడుకి ఇప్పటికీ ఆయనకే పళ్ళు జివ్వుమంటాయి.

ఒక కంపెనీ షాపులో సేల్స్‌మన్ మంచి జత చూపించాడు. ఇంటికొచ్చాక తెలిసింది, అవి ఆ కంపెనీ ఫోనుతో తప్ప సరిగా పలకవని. మర్నాడు ఫోను కొన్నాడు. దానికి పాత చార్జరు పట్టలేదు, పాత వాచీ కుదరలేదు. డాక్టరు విసుక్కుంటే సేల్స్‌మన్ ఓపిగ్గా చెప్పాడు.

"దీన్నే ఎకోసిస్టమ్ అంటారండీ. అన్నీ మావే అయితే కలిసిమెలిసి పనిచేస్తాయి. ఒక్కటి బయటిదైనా పేచీ పెడతాయి."

"మొత్తం మానేస్తే?"

"మీ ఫొటోలన్నీ మా దగ్గరే ఉన్నాయి కదండీ" అన్నాడతను, ఎంతో మర్యాదగా.

రెండు నెలలు తిరిగేసరికి ఇంటి దీపాలు, ఏసీ, చివరికి ముందుగదిలోని క్లినిక్కు తాళం కూడా ఆ కంపెనీవే అయ్యాయి. ఇంటికి ఉన్న వాకిలి అదొక్కటే. బయటినుంచి ఫోను చూపించాలి, లోపలినుంచి "తలుపు తియ్యి" అనాలి. భార్యది వేరే కంపెనీ ఫోను కావడంతో తలుపు ఆవిణ్ణి ఇంటి మనిషిగా ఒప్పుకోలేదు. ఆవిడ తన ఇంటికి తానే తలుపు కొట్టుకుని వస్తోంది.

ఒక సోమవారం ఆ సేల్స్‌మనే దవడ పట్టుకుని వచ్చాడు. పన్ను పీకాలి. డాక్టరు మత్తు సూది ఇచ్చి, అది ఎక్కేలోగా బయట పెట్టి వెళ్ళిన పార్సిల్ అందుకుందామని గడప దాటాడు. ఆయన వెనకాలే తలుపు మెత్తగా మూసుకుంది. ఫోను, వాచీ లోపల బల్లమీదే ఉండిపోయాయి.

డాక్టరు తలుపుకున్న అద్దంలోంచి సైగ చేశాడు. సేల్స్‌మన్ మొద్దుబారిన నాలుకతో "థయుపు ఫియ్యి" అన్నాడు. అర్థం కాలేదు, క్షమించమంది తలుపు. గట్టిగా అంటే దీపాలు ఆర్పింది. బతిమాలితే ఏసీ పెంచింది.

ఇంతలో కూరల సంచీతో భార్య వచ్చి కంపెనీకి ఫోన్ చేసింది. తలుపు తెరిచే కోడ్ డాక్టరు వాచీకి పంపామన్నారు. బల్లమీద వాచీ టింగుమంది. అయితే యజమాని మణికట్టు మీద ఉంటేనే అది కోడ్ చూపిస్తుందట.

"మత్తు ఎంతసేపుంటుంది?" అని అడిగింది భార్య.

"రెండు గంటలు."

ఆవిడ మెట్టుమీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీయసాగింది.

నాలుక తిరిగాక సేల్స్‌మన్ ఒక్కమాటకే తలుపు తెరిపించి, చలికి వణుకుతూ నిలబడ్డాడు. డాక్టరుకి జాలేసింది.

"మీ ఇంట్లో దీంతో ఎలా నెట్టుకొస్తున్నారయ్యా?"

"మా ఇంట్లో మామూలు తాళంచెవేనండీ. ఈ గొడవంతా ఎవరు పడతారు?"

 డాక్టరు, మత్తు పూర్తిగా దిగిపోయిందా అని ఆప్యాయంగా అడిగి, దిగిపోయిందనగానే కుర్చీ చూపించి పటకారు అందుకున్నాడు.