నాయినకు సోయ్ రాదు

పొద్దున ఇంటర్వ్యూ ముగించి, ఎండెక్కకముందే, అప్పటికే చేనుకు పోయిన తండ్రి యోసేపుతో కలిసి పత్తి ఏరడానికి పోవాలన్నది కల్పన ఆలోచన. హైదరాబాద్ కంపెనీ ఉద్యోగం. స్పెయిన్ వాళ్ల ఫిర్యాదులు ఫోన్లో స్పానిష్‌లో వినాలి. బచ్చన్నపేటలో ఇంటి నుంచే పని. రాకపోతే మళ్లీ జనగామ బట్టల షాపులో రోజంతా నిలబడి చీరలు మడతపెట్టాలి.

చిక్కంతా ఒక్కచోటే. తెలుగులో "మా నాయిన రైతు" అంటే చాలు, క్రియ అక్కర్లేదు. స్పానిష్‌లో అక్కడ రెండు క్రియలున్నాయి. మనిషి ఎట్లాంటివాడో చెప్పడానికి ఒకటి, ఎట్లా ఉన్నాడో చెప్పడానికి ఇంకొకటి. కల్పన ఆ రెంటినీ తారుమారు చేయని రోజు లేదు. తలుపు గడియ పెట్టుకుని, తనతోపాటు స్పానిష్ నేర్చుకున్న భాగ్యకు ఫోన్ చేసింది.

"అక్కా, నా గురించైతే సోయ్ అంటం. నాయిన గురించి అడిగితే?"

"సోయ్ అంటే 'నేను'కే. ఆయనకు ఎస్ రావాలె."

"ఆఁ, నాయినకు సోయ్ రాదు," అని కల్పన గట్టిగా వల్లె వేసింది. "నాయినకు ఇగ సోయ్ రానే రాదు."

వాకిట్లో బియ్యం చెరుగుతున్న తల్లి నర్సమ్మ చేతిలోంచి చాట జారింది. చేనుకు పోయిన మనిషికి సోయి తప్పిందా, స్పృహ లేకుండా పడిపోయిండా? తమ్ముడు యుగేందర్‌కు ఫోన్ చేసింది. "మీ బావకు సోయి లేదట రా."

యుగేందర్ ముందు అంబులెన్సుకు చెప్పాడు. తర్వాత, ఎందుకైనా మంచిదని, పాస్టర్‌కు. పాస్టరే ముందొచ్చాడు.

ఇంటర్వ్యూ మొదలై, ఫోన్లో మేడం స్పానిష్‌లో ఊరి గురించి అడుగుతుండగా బయట ప్రార్థన మొదలైంది. నర్సమ్మ తలుపు దబదబా బాదింది. గడియ తీయగానే కూతురి మీద పడింది.

"నాయిన పోతుంటే నీకు ముచ్చట్లేంది బిడ్డా?"

"ఏ నాయిన, అవ్వా?"

"నీకు ఎందరున్నరే?"

అప్పుడే అంబులెన్సు వచ్చి ఆగింది. ముందు సీట్లోంచి యోసేపు దిగాడు. దారిలో డ్రైవర్ ఆయన్నే ఆపి యోసేపు ఇల్లెక్కడని అడిగితే, ఇంట్లో ఎవరికేమైందోనని గుండె చిక్కబట్టుకుని తనే దారి చూపిస్తూ వచ్చాడు. నర్సమ్మ ఆయన చెయ్యి పట్టుకుని మరి వదల్లేదు.

గోలంతా ఫోన్లో విన్న మేడం, మీ నాన్న బతికే ఉన్నారా అని స్పానిష్‌లో అడిగింది.

"ఎస్ బీబో," అంది కల్పన. అన్న మరుక్షణమే నాలుక కరుచుకుంది.

మేడం తెలుగులోకి దిగింది. "అంటే మహా గడుసువాడని అర్థం. బతికున్నాడని చెప్పాలంటే ఎస్తా బీబో."

కల్పన తల దించుకుంది. చీరల షాపు కళ్లముందు కదిలింది. వాకిట్లోంచి యోసేపు డ్రైవర్‌తో అంటున్న మాట వినబడింది. "ఉత్తగనే మర్లిపోతున్నవ్ గద తమ్మీ, జర నన్ను చేను కాడ దింపు. గీ ఖాళీ బస్తాలు గూడ ఏస్కుంట."

మేడం చెవులు రిక్కించి విని, నవ్వు ఆపుకోలేకపోయింది. "నువ్వన్నదీ తప్పు కాదులేమ్మా. ఇంత గోలలోనూ ఫోన్ పెట్టేయలేదు. మా కస్టమర్లు మీవాళ్లకన్నా చాలా నయం. సోమవారం చేరిపో."

డ్రైవర్ ఒప్పుకున్నాడు గానీ, సైరన్ మాత్రం వేయనన్నాడు.